పాట ఆగితే వచ్చే అనుమానం

సంగీతాన్ని చెడు ప్రభావానికి ప్రతీకగా వాడిన కథ ఒకటి చెప్పి, ఆ ప్రతీకను వివరించమని అడిగారు. చూస్తుంటే డిగ్రీ పరీక్షకి పది మార్కుల ప్రశ్నలా ఉంది. గైడ్ పుస్తకంలో అయితే టాల్‌స్టాయ్ 'క్రాయిట్జర్ సొనాటా' పేరు రాసి, సంగీతం అంటే కామం, కామం అంటే పతనం అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. అలా రాస్తే మార్కులు పడతాయి కానీ కథ చదివినట్టు కాదు.

1889లో పూర్తయిన పెద్ద కథ అది. పోజ్నిషెవ్ అనే అతను రైల్లో చిక్కటి టీ తాగుతూ, పెళ్లాన్ని తను ఎందుకు చంపాడో తోటి ప్రయాణికుడికి రాత్రంతా చెబుతాడు. ఆవిడ పియానో వాయిస్తుంది. త్రుఖాచెవ్‌స్కీ అని ఒకడు ఫిడేలు. ఇద్దరూ కలిసి నలుగురి ముందు బీథోవెన్ సొనాటా (పియానో, ఫిడేలు కలిపి వాయించే రచన, కథకి పేరు దాన్నుంచే వచ్చింది) వాయించారు, ఆ సంగీతమే కొంప ముంచిందని అతని వాదన. సంగీతం మనిషిని హిప్నటైజ్ చేస్తుందట, చైనాలోలా ప్రభుత్వం అదుపులో ఉండాలట. హత్య చేసినవాడు తన తప్పు ఫిడేలు మీదకి నెడుతుంటే, దాన్ని మనవాళ్లు రచయిత సందేశం అని నోట్సులో రాసుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. (టాల్‌స్టాయ్ కూడా చాలావరకు అతని పక్షమే, ఆ తర్వాత రాసిన మలిమాట చూస్తే తెలుస్తుంది. అయినా కథ ఆయన మాట కూడా వినలేదు.)

అసలు ఆ సొనాటా వాయించిన సాయంత్రం పోజ్నిషెవ్‌కి అసూయే లేదు. మనసు తేలికపడి, ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. అనుమానం పుట్టింది అంతకుముందే, మూసిన తలుపు బయట నిలబడ్డప్పుడు. లోపల పియానో మోగుతోంది, మాటలు సరిగ్గా వినబడటం లేదు. మాటలూ ముద్దులూ బయటికి వినపడకుండా ఉండటానికే వాయిస్తున్నారేమో అనుకున్నాడు.

ఈ భాగం చదివినప్పుడు నాకు మా పిన్ని మామగారు గుర్తొచ్చి నవ్వాగలేదు. పిన్ని విజయనగరంలో ఫిడేలు నేర్చుకుంది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు కాబట్టి ఫిడేలంటే అక్కడ మామూలు విషయం. అత్తవారి ఊళ్లో కాదు. ఒక వేసవి సెలవుల్లో నేను అక్కడున్నప్పుడు, గుడి కచేరీ కోసం ప్రాక్టీసుకి మృదంగం మాష్టారు వచ్చారు. ఆయనకి అప్పటికే పెళ్లీడు కూతురుంది, పాపం. మామగారు వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. కీర్తన నడిచినంతసేపూ పేజీలు తిరిగేవి, అది అయిపోగానే పేపరు మడత చప్పుడు. లోపల మాష్టారు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద చేసి నాదం గంభీరంగా పలకడానికి మృదంగం ఎడమ మూతకి అంటిస్తున్నారు, పిన్ని కమానుకి రెజిన్ రాస్తోంది, ఎవరూ మాట్లాడటం లేదు. రెండు నిమిషాలు కూడా అయ్యిందో లేదో, గుమ్మంలో మామగారు: "ఏంటమ్మాయ్, పాట ఆగిపోయింది?"

"రవ్వ అంటిస్తున్నారు మామయ్యగారూ."

"ఉప్మాకా?" అన్నారు. జోక్ కాదు, సీరియస్‌గానే అడిగారు. అక్కడే కుర్చీ వేసుకుని, మళ్లీ పాట మొదలయ్యాకే కదిలారు. ఆ తర్వాత ఏడాదికి ఫిడేలు అటక ఎక్కింది. ఆ ఇంట్లోనే రాత్రి పదింటి దాకా టీవీలో ఐటమ్ సాంగ్స్ మోగేవి, వాటితో ఎవరికీ ఏ ప్రమాదమూ రాలేదు, అది వేరే సంగతి.

కాబట్టి నా జవాబు ఇది. ఆ కథలో భర్తని భయపెట్టింది బీథోవెన్ కాదు. తనకి చేతకాని పని ఒకటి భార్యా, ఇంకొకడూ కలిసి చేస్తున్నారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే అర్థం చేసుకుంటున్నారు, తను శ్రోతగా మిగిలాడు. అది తట్టుకోలేకపోయాడు. వాళ్ల మధ్య నిజంగా ఏదైనా ఉందా అంటే కథలో ఎక్కడా తేలదు. చివర్లో ఫిడేలు వాడు పియానో కింద నుంచి దూరి పారిపోతే పోజ్నిషెవ్ వెంటపడబోయి ఆగిపోతాడు, ఎందుకంటే కాళ్లకి మేజోళ్లే ఉన్నాయి, బూట్లు లేవు, అలా పరిగెడితే నవ్వులపాలవుతానని! ఒళ్లు తెలియకుండా సంగీతం మత్తులో ఉన్నవాడికి మేజోళ్ల సంగతి ఎలా గుర్తొస్తుంది, మీరే చెప్పండి.

ఇంకో సాక్ష్యం టాల్‌స్టాయ్ ఇంట్లోనే ఉంది. ఈ కథని రష్యాలో సెన్సారు ఆపేస్తే, ఆయన భార్య సోఫియా 1891లో స్వయంగా జార్ చక్రవర్తి మూడో అలెగ్జాండర్‌ని కలిసి, టాల్‌స్టాయ్ రచనల సంపుటాల్లో అచ్చువేసుకోవడానికి అనుమతి తెచ్చింది. అదే మనిషి కథ మీద ఒళ్లుమండి, దీనికి జవాబుగా 'తప్పెవరిది?' అని ఒక నవల రాసింది, అది రష్యాలో 1994 దాకా అచ్చుకే రాలేదు. అందులో భార్యకి స్నేహితుడు బొమ్మలు వేసుకునే మనిషి. ఫిడేలు లేదు, సొనాటా లేదు. భర్త అయినా చంపాడు, పాలరాతి పేపర్‌వెయిట్ విసిరి.