21 వేల లోపు 9 మందే... ఈఎస్‌ఐ అక్కర్లేదా?

ప్రశ్న: అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. మొత్తం 14 మంది పనిచేస్తున్నారు. వారిలో 9 మందికి జీతం 21 వేల లోపు, సగటున 18 వేలు. మిగతా 5 మందికి అంతకంటే ఎక్కువ. వీరిలో ఒకరు 52 ఏళ్ల సూపర్‌వైజర్, షుగర్ ఉంది. ఈ ఐదుగురిలోనే అకౌంట్స్ చూసే అమ్మాయికి ఈమధ్యే పెళ్లయింది. 21 వేల లోపు వాళ్లు 10 మంది లేరు కాబట్టి ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) వర్తించదని మా అకౌంటెంట్ అంటున్నారు. అందరికీ కలిపి గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీ తీసుకుంటే సరిపోతుందని ఏజెంట్ చెబుతున్నారు. వర్కర్లేమో అవేవీ వద్దు, ఆ డబ్బేదో జీతంలో కలిపేయండి అంటున్నారు. నెలకు 12 వేలకు మించి పెట్టే స్తోమత నాకు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అకౌంటెంట్ మాట సంగతి తేల్చేద్దాం. ఈఎస్‌ఐలో రెండు లెక్కలు వేర్వేరుగా ఉంటాయి. సంస్థకు వర్తిస్తుందా లేదా అన్నది మొత్తం పదిమంది పనిచేస్తున్నారా లేదా అనే దాన్ని బట్టి తేలుతుంది. ఎవరి పేరున కట్టాలన్నది మాత్రం జీతాన్ని బట్టి. మొదటి లెక్కలో జీతంతో పనే లేదు. లక్ష రూపాయల మేనేజరైనా ఒక మనిషే, 12 వేల హెల్పరైనా ఒక మనిషే. కాంట్రాక్టర్ తరఫున వచ్చి మీ దగ్గర లోడింగ్ చేసేవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. మీరు 10 ఎప్పుడో దాటేశారు. కాబట్టి ఆ 9 మందికీ ఈఎస్‌ఐ కట్టాల్సిందే. రేపు ఇద్దరు ముగ్గురు మానేసి సంఖ్య 10 కంటే తగ్గినా అది ఆగదు.

ఇక ఏజెంట్ మాట. గ్రూప్ పాలసీ మంచిదే, కాదనను. కానీ అది ఈఎస్‌ఐకి బదులుగా పనికొచ్చేది కాదు. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. అసలు కారణం ఇంకోటి ఉంది. జబ్బు చేస్తే ఇంట్లో రెండు గండ్లు పడతాయి. ఒకటి ఆస్పత్రి బిల్లు, రెండోది మంచాన పడ్డన్ని రోజులూ రాని జీతం. గ్రూప్ పాలసీ మొదటిదాన్నే పూడుస్తుంది. ఈఎస్‌ఐ రెండింటినీ చూస్తుంది.

మీ దగ్గర 18 వేల జీతం ఉన్న వర్కర్‌నే తీసుకుందాం. మీ వాటా 3.25 శాతం, అంటే నెలకు 585 రూపాయలు. అతని వాటా 0.75 శాతం, అంటే 135. మొత్తం 720. 2019 జులైకి ముందు ఇద్దరి వాటాలూ కలిపి 6.5 శాతం ఉండేది, దాన్ని 4కు తగ్గించారు. ఈ డబ్బుకు అతనికీ, భార్యాబిడ్డలకూ, తనపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. వయసు ఎంత, బీపీ ఉందా, గతంలో ఆపరేషన్ అయిందా అని ఎవరూ అడగరు. అతను జబ్బుపడి పనికి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఈఎస్‌ఐ కార్పొరేషన్ నేరుగా ఇస్తుంది. 18 వేల జీతానికి అది రోజుకు దాదాపు 420 రూపాయలు. నెల్లాళ్లు మంచంలో ఉంటే పన్నెండు వేలకు పైమాటే. అయితే అంతకుముందు ఆరు నెలల కంట్రిబ్యూషన్ కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. పనిలో ప్రమాదం జరిగితే ఈ షరతు కూడా లేదు, చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. అప్పుడు ఇచ్చేది జీతంలో 90 శాతం. కటింగ్ మెషీన్లు తిరిగే చోట ఇది చిన్న విషయం కాదు.

ఈఎస్‌ఐ డిస్పెన్సరీల్లో రద్దీ, మందులు దొరక్కపోవడం, రిఫరల్ కోసం తిప్పడం... మీ వర్కర్లు చెప్పే ఫిర్యాదులన్నీ నేనూ వింటున్నవే. అవి అబద్ధాలు కావు. కానీ సగం తిప్పలు రిజిస్ట్రేషన్ రోజే మొదలవుతాయి. పేరు, ఆధార్ ఎక్కించేసి కుటుంబసభ్యుల వివరాల దగ్గర తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు. ఏడాది తర్వాత భార్యను ఆస్పత్రికి తీసుకెళ్తే ఆమె పేరు రికార్డులో ఉండదు. డిస్పెన్సరీ కూడా ఫ్యాక్టరీ పక్కనున్నది పెట్టేస్తారు, కుటుంబం ఉండేదేమో ఇంకెక్కడో. ఒక పూట మెషీన్ ఆపైనా సరే, 9 మందినీ కూర్చోబెట్టి ఫొటోలు, పుట్టిన తేదీలు, ఇంటికి దగ్గరున్న డిస్పెన్సరీ అన్నీ సరిగ్గా ఎక్కించండి. ఇ-పెహచాన్ కార్డు (ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు) ప్రింటు తీసి చేతికివ్వండి.

చందాను తర్వాతి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన జరిమానా. అసలు రిజిస్టర్ చేయకముందే ఎవరికైనా ప్రమాదం జరిగితే, అతనికి ఇచ్చిన సొమ్మును కార్పొరేషన్ మీ దగ్గర నుంచి వసూలు చేసుకోగలదు. కాబట్టి బాగా ఆలోచించి వచ్చే ఏడాది చూద్దాం అనే పద్ధతి పెట్టుకోకండి.

మీ బడ్జెట్‌లో దీనికి పోయేది 9 మందికి కలిపి నెలకు 5,265 రూపాయలు, ఏడాదికి 63,180. మీరు చెప్పిన 12 వేల లెక్కన ఇంకా ఏడాదికి 80 వేల చిల్లర మిగులుతుంది. ఆ మిగిలింది ఆ ఐదుగురికి.

ఇక్కడే గ్రూప్ పాలసీ అసలైన అవసరం. సూపర్‌వైజర్‌కు ఇప్పుడు సొంతంగా పాలసీ తీసుకుంటే షుగర్ వల్ల వచ్చే ఖర్చులకు కంపెనీ గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి డబ్బు ఇవ్వదు. గ్రూప్ పాలసీలో సాధారణంగా పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఇస్తారు. ఆయన ఒక్కడి కోసమైనా గ్రూప్ వైపే మొగ్గుతాను. చిక్కేమిటంటే, కనీసం ఇంతమంది ఉండాలని బీమా కంపెనీలు నిబంధన పెడతాయి, మీ ఐదుగురూ చాలకపోవచ్చు. కుటుంబసభ్యులను కలిపి లెక్కేసే కంపెనీలు ఉన్నాయి, వాటిని అడగండి.

ఎవరూ ఒప్పుకోకపోతే రెండో దారి, ఐదుగురూ సొంత పాలసీలు తీసుకుంటే ఆ ప్రీమియం మీరు భరించడం. వ్యక్తిగత, కుటుంబ పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. గ్రూప్ పాలసీపై 18 శాతం ఉంది. చట్ట ప్రకారం తప్పనిసరి కాని బీమాకు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే వీలు) కూడా రాదు కాబట్టి అది మీకు పూర్తిగా ఖర్చే. పైగా సొంత పాలసీ ఉద్యోగం మానేసినా మనిషితోపాటే ఉంటుంది. గ్రూప్ నుంచి బయటికి వెళ్లేవారు అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారవచ్చు కానీ, రాజీనామా చేసే హడావుడిలో ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? మీరే గుర్తుచేయండి.

కొటేషన్లు వచ్చాక ప్రీమియం అంకెకంటే ముందు రూమ్ రెంట్ లైను చూడండి. బీమా మొత్తం 3 లక్షలు, రూమ్ రెంట్ 1 శాతం అని ఉందనుకుందాం. అంటే రోజుకు 3 వేల గది. మీ సూపర్‌వైజర్ 6 వేల గదిలో 5 రోజులున్నారు. గది అద్దె 30 వేలు, డాక్టర్లు, ఆపరేషన్ వగైరా 90 వేలు, మందులు 30 వేలు, మొత్తం బిల్లు లక్షన్నర. ఆయన జేబులోంచి పోయేది గది తేడా 15 వేలే అనుకుంటాం. కాదు. రెట్టింపు అద్దె గది తీసుకున్నారు కాబట్టి 90 వేలలోనూ సగమే ఇస్తారు. మందులకు సాధారణంగా ఈ కోత ఉండదు. చివరికి కంపెనీ ఇచ్చేది 90 వేలు, ఆయన కట్టేది 60 వేలు. 5 లక్షల పాలసీ తీసుకుని ఇలాంటి పరిమితి పెట్టించుకోవడం కంటే, పరిమితి లేని 3 లక్షల పాలసీ నయం.

తల్లిదండ్రులను చేరిస్తే ప్రీమియం ఎగబాకుతుంది, మీ బడ్జెట్‌కు అది పడదు. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు కవరేజీ ఉంది, కార్డు చేయించుకోమని చెప్పండి.

అకౌంట్స్ అమ్మాయి విషయంలో ఒక మాట. ఈఎస్‌ఐలో ఉన్న మహిళకు ప్రసూతి సెలవు 26 వారాల జీతం కార్పొరేషనే ఇస్తుంది. ఈ అమ్మాయి ఈఎస్‌ఐ పరిధిలో లేదు, కాబట్టి ఆ జీతం చట్ట ప్రకారం మీరే ఇవ్వాలి. గ్రూప్ పాలసీలో మెటర్నిటీ రైడర్ తీసుకున్నా అది కాన్పు ఖర్చు వరకే. ఆ సెలవు జీతం మొత్తాన్ని ఇప్పటి నుంచే కొంచెం కొంచెం పక్కన పెట్టుకోండి. టెన్షన్ పడాల్సినంత పెద్ద అంకె కాదు, ఒక్కసారిగా మీద పడితేనే బరువు.

ఈ ఐదుగురికి పనిలో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కూడా మీదే. దానికి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ వేరుగా ఉంటుంది, కొటేషన్ అడగండి. గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ మంచిదే అయినా మీ చట్టపరమైన బాధ్యతను అది తీర్చదు. 14 మందినీ వాళ్ల బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించండి, ప్రమాదవశాత్తు చనిపోతే 2 లక్షలు వస్తాయి.

ప్రీమియం చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో కట్టండి. నగదుగా కడితే వ్యాపార ఖర్చుగా చూపించుకోలేరు. మీ సొంత కుటుంబం పాలసీని మాత్రం ఇందులో కలపొద్దు.

చివరగా, జీతంలో కలిపేయమనే వాళ్లకు ఏం చెప్పాలి? ఈఎస్‌ఐ వద్దనే హక్కు వాళ్లకూ లేదు, మీకూ లేదు. ముందు అది చెప్పండి. ఆ తర్వాత 585 రూపాయల లెక్క, 420 రూపాయల లెక్క కాగితం మీద వేసి చూపించండి. మీ వాటాను వాళ్ల జీతంలోంచి కోయడం మాత్రం నేరం. 20 వేలు దాటినవాళ్లకు జీతం పెంచేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. 21 వేలు దాటితే నడుస్తున్న కంట్రిబ్యూషన్ కాలం, అంటే సెప్టెంబర్ లేదా మార్చి ఆఖరు వరకే కట్టాలి, ఆ తర్వాత వాళ్లు ఈఎస్‌ఐ నుంచి బయటికి వెళ్తారు. ఇంట్లో డయాలసిస్ జరుగుతున్నవాళ్లు ఉంటే ఆ వెయ్యి రూపాయల పెంపు వాళ్లకు నష్టమే కావొచ్చు. ముందే పిలిచి మాట్లాడండి. అలా బయటికి వచ్చినవాళ్లను అదే వారంలో గ్రూప్ పాలసీలో చేర్పించే ఏర్పాటు ఉంచుకోండి.