రొమ్ము క్యాన్సర్ మరణాల లెక్కలు తేల్చే పని: ఎంబీబీఎస్ లేకుండా చేయొచ్చా?

ప్రశ్న: విజయనగరం జిల్లాలో బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. అదే జబ్బు వచ్చిన మా బంధువు ఒకావిడ హైదరాబాద్‌లో ఉంటారు, ఆవిడ కోలుకుని బాగానే ఉన్నారు. ఏ ప్రాంతంలో ఎంతమంది పోతున్నారు, తేడా ఎందుకొస్తోంది అనేది తెలుసుకునే పని చేయాలని ఉంది. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ అనే మాటలు విన్నాను. డాక్టర్ కాని వాళ్లకు ఇందులో చోటు ఉంటుందా? నాన్నగారు మాత్రం అమీర్‌పేటలో క్లినికల్ సాస్ (మందుల ట్రయల్స్ డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్) కోర్సు చేసి ఉద్యోగంలో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చోటు ఉందమ్మా. జబ్బులు ఎక్కడ, ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చూసేది ఎపిడెమియాలజీ, అందుకు కావాల్సిన లెక్కల శాస్త్రం బయోస్టాటిస్టిక్స్. డాక్టర్లు ఎంత అవసరమో, లెక్కలు గట్టిగా వచ్చినవాళ్లు కూడా అంతే అవసరమైన రంగం ఇది. మీ పెద్దమ్మగారి సంగతి చదివి చాలా బాధ కలిగింది. ఆ బాధలోంచి మీరు అడిగిన ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న. కోర్సుల వివరాలు కింద ఇస్తాను. ముందు ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకోండి. అది నచ్చితేనే ఇటు రండి.

మొట్టమొదట రెండు రేట్లను వేరుచేసి చూడటం అలవాటు చేసుకోవాలి. జబ్బు ఎంతమందికి కొత్తగా వస్తోంది అనేది ఒకటి, దానితో ఎంతమంది పోతున్నారు అనేది ఇంకొకటి. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ (ఒక్కో ప్రాంతంలోని క్యాన్సర్ కేసుల్ని నమోదు చేసే వ్యవస్థ) కార్యక్రమం 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వయసు తేడాలు సవరించాక, రొమ్ము క్యాన్సర్ కొత్త కేసులు దేశంలో అన్నిటికంటే ఎక్కువగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే. లక్ష మంది మహిళలకు ఏడాదికి 48. చెన్నైలో 42.2, బెంగళూరులో 40.5. ఇది చూసి హైదరాబాద్ ఆడవాళ్లే ఎక్కువమంది పోతున్నారనుకుంటే పొరపాటు. ఆలస్యంగా పెళ్లి, తక్కువమంది పిల్లలు, తక్కువ కాలం పాలివ్వడం, బరువు పెరగడం, ఇవన్నీ నగరాల్లో కేసుల్ని పెంచుతాయి. పరీక్షలు అందుబాటులో ఉండటం వల్ల కూడా ఎక్కువ బయటపడతాయి. జబ్బు వచ్చాక బతికేది ఎంతమంది అనేది వేరే లెక్క. 11 రిజిస్ట్రీల పేషెంట్లను ఏళ్ల తరబడి గమనించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదేళ్ల తర్వాత ప్రాణాలతో ఉన్నవాళ్లు సగటున 66.4 శాతం. మిజోరంలో 74.9 శాతం, అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో 41.9 శాతం. రెండూ ఈశాన్యంలోనివే, రెండు చోట్లా జరిగేది ఒకే జబ్బుకు చికిత్స. ఇంత తేడా ఎలా వచ్చిందో వెతకడమే మీరు చేయాలనుకుంటున్న పని.

మీరు విజయనగరం జిల్లావాళ్లు కాబట్టి మీకు ఒక విషయం చెప్పాలి. ఆ 2020 నివేదికలో జనాభా ఆధారంగా లెక్క తీసిన రిజిస్ట్రీలు 28. అందులో తెలంగాణ నుంచి హైదరాబాద్ ఒక్కటి ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. అంటే మీ పెద్దమ్మగారి లాంటివాళ్లు ఆ లెక్కలో ఎక్కడా లేరు. ఈ పనికి మన దగ్గర మనుషులు కావాలని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే.

ఇలాంటి లెక్కల వల్ల ఏం ఒరుగుతుందని నాన్నగారు అడిగితే చికాగో సంగతి చెప్పండి. 1980లో ఆ నగరంలో నల్లజాతి, తెల్లజాతి మహిళల రొమ్ము క్యాన్సర్ మరణాల రేటు దాదాపు సమానం. 2003కి వచ్చేసరికి నల్లజాతి మహిళల్లో 68 శాతం ఎక్కువైంది. వాళ్లలో జబ్బు పెరిగి ఈ తేడా రాలేదు. మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), టామాక్సిఫెన్ లాంటి మందులు వచ్చాక తెల్లజాతి మహిళల్లో మరణాలు తగ్గుతూ పోయాయి, నల్లజాతి మహిళల్లో ఉన్నచోటే ఉండిపోయాయి. వాళ్లలో ట్రిపుల్ నెగెటివ్ అనే మొండి రకం ఎక్కువన్నది నిజమే. కానీ జన్యువులు ఇరవై ఏళ్లలో మారిపోవు కదా. ఈ తేడా చూపిన ఒక్క గ్రాఫ్ ఆ నగరంలో చాలామందిని కదిలించింది. 2007లో ఒక టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది. పేదలు వెళ్లే సెంటర్లలో మామోగ్రామ్ తీసేవాళ్ల, చదివేవాళ్ల నాణ్యత ఎలా ఉంది, మామోగ్రామ్‌లో అనుమానం కనిపించిన తర్వాత చికిత్స మొదలవడానికి ఎన్నాళ్లు పడుతోంది అని ఒక్కొక్కటీ పట్టి చూశారు. తర్వాతి ఏళ్లలో అక్కడి నల్లజాతి మహిళల మరణాలు తగ్గాయి, ఇద్దరి మధ్య తేడా కూడా తగ్గింది. లెక్కలు పట్టుకున్న మనుషులే దానికి దారి తీశారు.

అమెరికా మొత్తంగా చూసినా 1989 నుంచి 2022 మధ్య ఈ మరణాల రేటు 44 శాతం తగ్గింది. 2024కి అక్కడి అంచనా దాదాపు 3.1 లక్షల కొత్త కేసులు, 42 వేల మరణాలు. మన దేశానికి 2022 అంచనా 1.92 లక్షల కేసులు, 98 వేల మరణాలు. ఈ నాలుగు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి చూడండి.

ఇక రోజువారీ పని. బయటి నుంచి చూస్తే రంగుల మ్యాపులు, కంప్యూటర్ మోడళ్లు కనిపిస్తాయి. అసలు శ్రమంతా కాగితాల దగ్గర ఉంటుంది. ఆసుపత్రిలో మరణం జరిగితే డాక్టర్ ఫారం 4 నింపాలి. అందులో మొదటి వరుసలో తక్షణ కారణం, కింది వరుసల్లో దానికి దారి తీసిన అసలు జబ్బు రాయాలి. రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఒక తల్లి పోయిందనుకోండి. పై వరుసలో 'గుండె, శ్వాస ఆగిపోవడం' అని రాసి కింది వరుసలు ఖాళీగా వదిలేస్తే, లెక్కలో ఆవిడ క్యాన్సర్ మరణం కాకుండా పోతుంది. ఇంట్లో పోయినవాళ్లకైతే చాలాచోట్ల కారణం రాసే డాక్టరే ఉండడు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. అందుకే మన దేశంలో మరణాల కారణాల మీద జరిగిన మిలియన్ డెత్ స్టడీలో సిబ్బంది ఇళ్లకు వెళ్లి, పోయినవాళ్లకు చివరి రోజుల్లో ఏమేం లక్షణాలున్నాయో కుటుంబాన్ని అడిగి రాసుకున్నారు. ఆ కాగితాల్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేల్చారు. 1,22,429 మరణాల్ని ఇలా పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురిస్తే, పల్లెల్లో క్యాన్సర్ మరణాలు పట్నాల కంటే బాగా తక్కువ అన్న నమ్మకం నిలబడలేదు. అన్ని క్యాన్సర్లూ కలిపి చూస్తే రెండు చోట్లా రేటు దాదాపు ఒకటే.

రిజిస్ట్రీలో ఇంకో తలనొప్పి పేర్లు. ఒకే మనిషి గవర్నమెంటు ఆసుపత్రిలో 'పి. లక్ష్మి', ల్యాబులో 'లక్ష్మీ కుమారి', ఆరోగ్యశ్రీ కాగితంలో ఇంటిపేరు పూర్తిగా విప్పి ఇంకోలా ఉంటుంది. మూడుచోట్ల ఒకే మనిషి అని పట్టుకోకపోతే ముగ్గురవుతారు. అడ్రస్ సంగతీ అంతే. బొబ్బిలి నుంచి వచ్చి హైదరాబాద్‌లో తమ్ముడింట్లో ఉండి చికిత్స చేయించుకునే ఆవిడ తమ్ముడి అడ్రస్సే ఇస్తుంది. ఆవిడ ఆ ఊళ్లో కనీసం ఏడాదిగా ఉంటోందా లేదా అని అడిగి తెలుసుకోకపోతే, బొబ్బిలి కేసు హైదరాబాద్ లెక్కలో కలుస్తుంది. ఈ ఓపిక మీకుందో లేదో మీరే నిజాయితీగా ఆలోచించుకోండి.

తర్వాత చిన్న సంఖ్యల సమస్య. స్టాటిస్టిక్స్ చదివినవాళ్ల అవసరం ఎక్కువగా పడేది ఇక్కడే. 5,000 మంది మహిళలున్న ఒక చోటు తీసుకోండి. ఒక ఏడాది ఒకరు పోతే రేటు లక్షకు 20. మరుసటి ఏడాది ఇద్దరు పోతే 40. మరణాలు రెట్టింపయ్యాయని పేపర్లో వస్తుంది, జనం టెన్షన్ పడతారు. నిజానికి అక్కడ ఏమీ మారి ఉండకపోవచ్చు. అందుకే పక్క ప్రాంతాల సమాచారాన్ని కూడా కలుపుకుని అంచనా వేసే పద్ధతులు, వయసు సవరణలు, యాదృచ్ఛికంగా ఒకేచోట కనిపించే కేసుల గుంపును నిజమైన గుంపు నుంచి విడదీసే పరీక్షలు వచ్చాయి. స్టాటిస్టిక్స్ నిపుణుడు మార్టిన్ కుల్‌డార్ఫ్ బృందం 1997లో ఈశాన్య అమెరికా మీద ఇలాంటి పరీక్షే చేసింది. న్యూయార్క్–ఫిలడెల్ఫియా నగర ప్రాంతంలో రొమ్ము క్యాన్సర్ మరణాల రేటు మిగతా ఈశాన్యం కంటే 7.4 శాతం ఎక్కువని తేల్చింది. అందులో న్యూయార్క్ దగ్గరున్న లాంగ్ ఐలాండ్ కూడా ఉంది. అక్కడి మహిళలు పట్టుబట్టడంతో 1993లో ఏకంగా చట్టం చేసి మరీ కారణాలు వెతికించారు. డీడీటీ లాంటి పురుగుమందుల మీదే అందరి అనుమానం. 2002లో ఫలితాలొస్తే, ఆ రసాయనాలకూ అక్కడి రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. మన పల్లెల్లోనూ పురుగుమందుల వల్లే క్యాన్సర్లు అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు, పరీక్షించకుండా నమ్మేయనూ కూడదు.

మీరు తప్పక తెలుసుకోవాల్సిన పని ఇంకొకటి ముంబయిలో జరిగింది. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది మహిళల్లో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో చేసే రొమ్ము పరీక్ష ప్రాణాలు కాపాడుతుందా అని ఇరవై ఏళ్లు చూశారు. 2021లో ఫలితాలు ప్రచురించారు. 50 ఏళ్లు, ఆపై వయసు మహిళల్లో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అన్ని వయసులూ కలిపితే 15 శాతం తగ్గుదల కనిపించింది కానీ, అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలలేదు. వాళ్లు ఆ మాటే రాశారు. ఇరవై ఏళ్లు కష్టపడి కూడా లెక్క చెప్పినంతే చెప్పడం ఈ రంగంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే విషయం.

ఇప్పుడు దారి. నా సలహా, ముందు ఎమ్మెస్సీలో స్టాటిస్టిక్స్ లేదా బయోస్టాటిస్టిక్స్ చేయండి. పబ్లిక్ హెల్త్ డిగ్రీ (ఎంపీహెచ్) తర్వాత చూసుకోవచ్చు. పబ్లిక్ హెల్త్ విషయాలు పనిలో పడ్డాక కూడా పట్టుబడతాయి, గణితం మాత్రం వయసులో ఉన్నప్పుడు కూర్చుని చదివితేనే నిలుస్తుంది. ఎంపీహెచ్ ఒక్కటే చేసి లెక్కల దగ్గర వెనకబడినవాళ్లు ఎక్కువగా ప్రాజెక్టు కోఆర్డినేషన్ ఉద్యోగాల్లోనే ఆగిపోవడం చూస్తున్నాను. దగ్గర్లో ఆంధ్రా యూనివర్సిటీలోనూ, హైదరాబాద్‌లో ఉస్మానియాలోనూ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఉంది. బయోస్టాటిస్టిక్స్‌కు వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ), ముంబయిలోని ఐఐపీఎస్ (జనాభా అధ్యయనాల సంస్థ) మంచి చోట్లు. గణితం మీద బాగా పట్టుంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష రాయండి. ఎంపీహెచ్ యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లోనూ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఉంది, డాక్టర్లు కానివాళ్లూ చేరొచ్చు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే సీఎస్ఐఆర్ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ పేపర్‌లో స్టాటిస్టిక్స్ ఉంటుంది.

నాన్నగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. రిజిస్ట్రీల్లో, పరిశోధన ప్రాజెక్టుల్లో ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. జీతం ఫార్మా కంపెనీల్లో క్లినికల్ ప్రోగ్రామర్లకు వచ్చేదానికంటే తక్కువ. ఇంటి మీద అప్పు ఉన్నా, తమ్ముళ్ల చదువు మీ మీద ఉన్నా, ముందు సాస్ ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లు చేయడం తప్పేమీ కాదు. అక్కడ క్లినికల్ ట్రయల్స్ డేటాను క్రమశిక్షణగా పట్టుకోవడం నేర్చుకుంటారు, అది ఇక్కడా పనికొస్తుంది. కాకపోతే కోర్సు ఫీజు కట్టేముందు ఎమ్మెస్సీ చేశాక చేరితే మీ స్థాయి ఎంత మారుతుందో ఆయనతో కూర్చుని మాట్లాడండి. ఆయనకు కావాల్సింది పర్మనెంట్ ఉద్యోగమే అయితే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్నవాళ్లకు అర్హత ఉంటుంది, వయసు 21 నుంచి 30. ఎమ్మెస్సీ చదువుతూనే దానికి ప్రిపేర్ కావచ్చు, సిలబస్ చాలావరకు కలుస్తుంది.

సెమిస్టర్ పరీక్షలు అయ్యాక వచ్చే సెలవుల్లో ఒక పని చేసి చూడండి. పైసా ఖర్చు లేదు. లెక్కలకు ఆర్, మ్యాపులకు క్యూజీఐఎస్, కేసుల గుంపుల్ని పట్టడానికి కుల్‌డార్ఫ్ తయారుచేసిన శాట్‌స్కాన్, ఈ సాఫ్ట్‌వేర్లు మూడూ ఉచితంగా దొరుకుతాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల వండర్ అనే సైట్‌లో కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీగా మరణాల లెక్కలు ఎవరైనా తీసుకోవచ్చు. అందులో వెతకడానికి రొమ్ము క్యాన్సర్ కోడ్ సీ50. 1999 నుంచి 2020 దాకా చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం తీసుకుని, నల్లజాతి, తెల్లజాతి మహిళల వయసు సవరించిన రేట్లు ఏటా గ్రాఫ్ గీయండి. తర్వాత కౌంటీలకు దిగండి. చాలా గడుల్లో అంకె ఉండదు, 1 నుంచి 9 మరణాలున్నచోట వాళ్లు దాచేస్తారు. 20 కంటే తక్కువ ఉన్నచోట రేటు నమ్మదగింది కాదని రాస్తారు. ఆ ఖాళీల్ని ఏం చేయాలి, ఎన్నేళ్లు కలిపితే రేటు నిలకడగా వస్తుంది అని మీరు ఒక వారం తలపట్టుకుని కూర్చోగలిగితే, ఆ గ్రాఫులు, రాసుకున్న నోట్స్ నాకు పంపండి. సీఎంసీ, ఐఐపీఎస్ దరఖాస్తుల్లో వాటి గురించి ఎలా రాయాలో చెబుతాను.