నీ కథలోని చీరల దుకాణం

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

గాంధీ రోడ్డులోని పట్టుచీరల దుకాణంలో సేల్స్ గర్ల్ ఉద్యోగానికి వెళ్లి, రంగు తక్కువని వెనుదిరిగిన నగరి అమ్మాయి మీద నీవు రాసిన కథను రెండుసార్లు చదివాను. వాక్యం నీకు పట్టుబడింది గానీ యజమాని పట్టుబడలేదు. "నీ ముఖానికి ఈ ఉద్యోగమా" అని ఆయన చేత అనిపించావు. అలా పైకి అనేవాళ్లు అరుదమ్మా. "ఆ పిల్లలో చురుకుదనం కనిపించలేదు" అంటాడు, తాను చూసింది చురుకుదనమేనని మనసారా నమ్ముతాడు కూడా. ఒకప్పుడు మా చిన్న పత్రికకు చందాలు సేకరించే కుర్రాణ్ణి ఎంచినప్పుడు నేను చూసిందీ ఇస్త్రీ చొక్కానూ నవ్వునూ మాత్రమే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో, సైనికాధికారులు తమ కిందివారి దేహదారుఢ్యానికీ, తెలివికీ, నాయకత్వానికీ, శీలానికీ విడివిడిగా వేసిన మార్కులను పరిశీలించి, ఒకదానిలో ఎక్కువ వచ్చినవాడికి తక్కినవాటిలోనూ ఎక్కువే పడుతున్నాయని గమనించాడు. దానికి ఆయన వాడిన మాట 'హాలో', అంటే దేవుళ్ల పటాల్లో తల వెనుక ఉండే కాంతివలయం. అమ్మకాల ఉద్యోగంలో దాని ప్రభావానికి చోటు మరీ ఎక్కువ, ఎందుకంటే ఓర్పూ, బేరం నడిపే నేర్పూ అయిదు నిమిషాల ఇంటర్వ్యూలో బయటపడవు, ముఖం మాత్రం గడపలోనే కనిపిస్తుంది. "కొనేవాళ్లు అందమైనవాళ్ల దగ్గరికే వెళతారు" అన్న యజమాని సాకులో కొంత నిజమూ ఉంది, దాన్ని దాచకు.

నాయికది మరమగ్గాల ఊరని ఒక్క ముక్క చెప్పి వదిలేశావు, అసలు కథ అక్కడుంది. మరమగ్గం చీరకూ చేనేతకూ తేడాను ఆమె వేళ్లు చెప్పగలవు (యజమానికి అది ఒక్కోసారి ఇబ్బందే కావచ్చు), తమిళ యాత్రికులతో వాళ్ల భాషలోనే మాట్లాడగలదు. ఇంటర్వ్యూ జరిగే బల్ల మీద ఒక చీర మడత ఉంచు. దాన్ని ఎవరూ ఆమె చేతికివ్వరు. నీవు వ్యాఖ్యానించకు.

ఆమెకు బదులు ఎంపికైన అందగత్తెను కూడా ఉత్త బొమ్మగా వదలకు. 1979లో మేడలిన్ హైల్‌మన్, లోయిస్ సరువతారి చేసిన ప్రయోగంలో, అందం స్త్రీలకు కింది స్థాయి ఉద్యోగంలో కలిసివచ్చి, మేనేజర్ పదవి దగ్గర అడ్డుపడింది. రెండేళ్ల తరువాత ఈమె చేత ఫ్లోర్ సూపర్‌వైజర్ పని అడిగించు, అదే యజమాని ఏమంటాడో విను. ఆ దృశ్యం రాశాక ప్రతి పంపు.