జిగురు డబ్బా కాసేపు పక్కన పెట్టు తల్లీ

తల్లీ,

పాత వస్తువులు ఏరి, చెక్క మీద అతికించి నువ్వు చేస్తున్న కళాకృతుల ఫొటోలు మళ్లీ మళ్లీ చూశాను. తుప్పు పట్టిన తాళంకప్ప, గడియారం ముల్లు, తల లేని ఆ బొమ్మ, ఏవి ఏరుకోవాలో నీకు బాగానే తెలుసు. కానీ తెచ్చినవి తెచ్చిన రోజే అతికించేస్తున్నావు, నాకు కంగారు పుట్టింది అక్కడే.

ముందు అన్నీ ఒక చెక్క మీద ఊరికే పరిచిపెట్టు. వస్తూ పోతూ చూడు, ఒకదాన్ని జరుపు, ఇంకోదాన్ని తీసెయ్యి, నచ్చిన ప్రతిసారీ ఫోన్‌లో ఫొటో తీసుకో, ఎందుకంటే మర్నాడు అదే అమరిక మళ్లీ రమ్మంటే రాదు. వారం గడిచినా కదపబుద్ధి కానిది ఏదో, దాన్ని ఉంచు. చాలాసార్లు నీకు బాగా ఇష్టమైన వస్తువునే తీసేయాల్సి వస్తుంది, అది చూపంతా లాగేసుకుని పక్కవాటిని కనిపించనివ్వదు. పారెయ్యకు, ఇంకో పనిలో పనికొస్తుంది.

ఎవరి దగ్గరా నేర్చుకోలేదని మరీ కుంగిపోతున్నావు. ఏరిన వస్తువులను పెట్టెల్లో అమర్చి పేరు తెచ్చుకున్న అమెరికన్ కళాకారుడు జోసెఫ్ కార్నెల్ (1903–1972) కూడా ఎక్కడా కళ చదువుకోలేదు. న్యూయార్క్‌లో మొదట్లో బట్టల రంగంలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు వంటింటి బల్ల దగ్గర, తర్వాత ఇంటి నేలమాళిగలో కూర్చుని, ముందు గాజు బిగించిన ఆ చెక్కపెట్టెలు చేశాడు. ఏరిన సామాన్లన్నీ విడివిడిగా డబ్బాల్లో వేసి పేర్లు రాసి దాచుకునేవాడు. ఈ అలవాటు నువ్వూ ఇవాళే మొదలుపెట్టు, వెతుక్కునే టైమ్ ఎంత మిగులుతుందో చూద్దువుగాని.

ఇక బిగించడం. బరువైన వస్తువును జిగురు మీద వదిలెయ్యకు, సన్న తీగతో కట్టు, లేదా వెనక నుంచి స్క్రూ వెయ్యి. లోహానికి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) మంచిదే, కానీ ముందు రాలే తుప్పును బ్రష్‌తో గీకి జిడ్డు తుడవాలి, లేకపోతే జిగురు పట్టుకునేది తుప్పును, ఆ తుప్పు రాలిన రోజు వస్తువూ ఊడుతుంది. చెక్కకీ కాగితానికీ తెల్ల జిగురు చాలు. హాట్ గ్లూ (వేడితో కరిగించి పెట్టే జిగురు) మాత్రం వద్దు, వేడికి మెత్తబడుతుంది. నెలల తరబడి చేసిన ఒక పెద్ద పనిని నేను ఎండ తగిలే గోడకు తగిలిస్తే, వేసవిలో సగం వస్తువులు జారి నేల మీద పడ్డాయి, ఏడుపొచ్చింది.

ఇంకోటి, పాత పెయింట్ ఉన్న చెక్కను శాండ్‌పేపర్‌తో రుద్దకు, ఆ పెయింట్‌లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పీల్చకూడదు.

తల లేని బొమ్మను ఇంకా అతికించలేదన్నావు కదా, దాన్ని తాళంకప్పకు దూరంగా, ఎడమ అంచుకు జరిపి నాకు ఇంకో ఫొటో పంపు.