కడుపు నిండాక కూడా జంతికల డబ్బా ఎందుకు గుర్తొస్తుంది?

రాత్రి సుష్టుగా తిన్నా, టీవీ ముందు కూర్చోగానే జంతికల మీదికి మనసు పోతోంది, ఒంట్లో డోపమైన్ (మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం) తగ్గిందా అని అడిగారు. తగ్గితే మీరు అసలు డబ్బా దాకా లేచి వెళ్ళరండీ.

సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రిచర్డ్ పామిటర్ బృందం 1995లో డోపమైన్ తయారుకాని చిట్టెలుకలను పుట్టించింది. మొదటి రెండు వారాలు పాలు మామూలుగానే తాగాయి. ఆపైన కదలడం మానేశాయి, మేత ఎదురుగా ఉన్నా ముట్టలేదు. వదిలేస్తే ఆకలితో చావడమే. నోట్లో పెడితే మాత్రం మింగేవి. ఒంట్లో డోపమైన్‌గా మారే ఎల్-డోపా మందు ఇంజెక్షన్ ఇస్తే లేచి కొన్ని గంటలు తిరిగేవి, తినేవి. మందు దిగిపోగానే మళ్ళీ చతికిలపడేవి. ఇంతకీ విచిత్రమేంటంటే, డోపమైన్ లేనప్పుడు కూడా చక్కెర నీళ్ళు, మామూలు నీళ్ళు పక్కపక్కన పెడితే చక్కెర నీళ్ళవైపే మొగ్గాయి. రుచి తెలుసు, ఇష్టమూ ఉంది. లేచి వెళ్ళే చొరవే లేదు.

ఇది తెలిసీ రీల్స్‌లో డోపమైన్‌ను ఇంకా ‘ఆనందపు హార్మోన్’ అనే అంటారు. పైగా ‘డోపమైన్ డిటాక్స్’ పేరుతో పస్తుండమంటారు! పస్తుంటే ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్ పెరిగి డోపమైన్ కణాలను ఉసిగొల్పుతుంది, వాటికి పగ్గం వేసే లెప్టిన్, ఇన్సులిన్ హార్మోన్లు తగ్గుతాయి. సాయంత్రానికి బజ్జీల బండి దాటి రావడం ఇంకా కష్టం.

మీ విషయంలో ఆకలి కాదు, సూచన పనిచేస్తోంది. మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల ప్రయోగాల్లో మొదట పళ్ళరసం నోట్లో పడ్డప్పుడు డోపమైన్ కణాలు చురుకయ్యాయి. అలవాటయ్యాక రసానికి ముందొచ్చే సూచనకే చురుకయ్యాయి. మీకు టీవీ ఆ సూచన. అందుకే అప్పుడప్పుడూ ‘ఈ ఒక్కరోజుకీ’ అని తింటే యావ చావదు. టీవీ ముందు తినకూడదనుకుంటే ఏ రోజూ తినకండి. తినాలనిపిస్తే వంటగదిలోనే, గిన్నెలో నాలుగు వేసుకుని, డబ్బా పైన పెట్టేశాకే నోట్లో పెట్టుకోండి.

శ్రమ పెంచడం కూడా పనిచేస్తుంది. మరో శాస్త్రవేత్త జాన్ సాలమోన్ ప్రయోగాల్లో డోపమైన్‌ను అడ్డుకున్న ఎలుకలు మీట నొక్కి ఇష్టమైన గుళికలు సంపాదించడం తగ్గించి, పక్కనే ఊరికే దొరికే చప్పటి మేతతో సరిపెట్టుకున్నాయి. కష్టపడి తెచ్చుకోవడానికి కావాల్సిన ఊపు డోపమైన్‌ది. ఆ ఊపు చాలనంత ఎత్తులో పెట్టండి: గాజు సీసా వద్దు, లోపలిది కనబడని స్టీలు డబ్బా, అదీ స్టూలు వేసుకుంటే గానీ అందని అటక మీద. అరటిపండు మాత్రం చేతికందేలా ఉంచండి.

ఇంట్లో పెద్దవాళ్ళు పార్కిన్సన్స్‌కు డోపమైన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ మందులు వాడుతుంటే మాత్రం వేరే లెక్క. ఉన్నట్టుండి తిండి యావ, జూదం, అదుపులేని షాపింగ్ మొదలైతే మందువల్ల కావచ్చు. సొంతంగా ఆపేయకండి, రాసిన న్యూరాలజిస్టుకే చెప్పండి. మోతాదు మెల్లగా తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చూస్తారు.