హెచ్‌పీవీ పాజిటివ్, పైగా తెల్ల మచ్చలు... క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 54. నెలసరి ఆగి ఐదేళ్లయింది. మర్మావయవం దగ్గర తెల్ల మచ్చలు, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద. ఫంగస్ అనుకుని మందుల షాపు క్రీములు చాలాకాలం రాశాను. ఇటీవల బయాప్సీ చేసి లైకెన్ స్క్లెరోసస్ అన్నారు. గర్భాశయ ముఖద్వారం పరీక్షలో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) పాజిటివ్ వచ్చింది. ఈ మచ్చలు వైరస్ వల్లేనా? క్యాన్సర్‌గా మారతాయా? స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు గానీ భయమేసి రెండు వారాలకే ఆపేశాను.
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ డాక్టరుకు ఫోను చేసి, ఆపేసిన ఆయింట్‌మెంట్ మళ్లీ మొదలుపెట్టండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. లైకెన్ స్క్లెరోసస్ హెచ్‌పీవీ వల్ల రాదు, ఎవరికీ అంటుకోదు. మన రోగనిరోధక వ్యవస్థే మన చర్మం మీదికి తిరగబడటం దీనికి కారణమని భావిస్తున్నాం. చర్మం సిగరెట్ కాగితంలా పలచబడి ముడతలు పడుతుంది. గోరు తగిలితే చిట్లుతుంది, ఆ చిట్లిన చోట మూత్రం పడితే భగ్గున మండుతుంది.

ఆ భాగంలో క్యాన్సర్ రెండు దారుల్లో వస్తుంది. హెచ్‌పీవీ, ముఖ్యంగా 16వ రకం, ఏళ్ల తరబడి తిష్ఠ వేయడం ఒకటి. వైరస్‌తో పని లేకుండా, లైకెన్ స్క్లెరోసస్ అదుపు తప్పి చర్మం ఎప్పుడూ వాచి ఉండటం రెండోది. మీ విషయంలో నాకు ఎక్కువ పట్టింపు ఈ రెండోదాని గురించే. అయినా ఈ జబ్బున్న వంద మందిలో క్యాన్సర్ దాకా వెళ్లేది ఐదుగురి లోపే. 2015లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, స్టెరాయిడ్ పూతమందు క్రమం తప్పకుండా వాడిన 357 మంది మహిళల్లో ఒక్కరికీ క్యాన్సర్ గానీ, దాని ముందు దశ మార్పులు గానీ రాలేదు. సరిగా వాడని 150 మందిలో ఏడుగురికి వచ్చాయి. మందు ఆపేసి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను ఈ అంకెలే చెబుతాను.

ట్యూబుతో వచ్చే కాగితంలో ‘మర్మావయవాలకు రాయవద్దు’ అని చదివి చాలామంది హడలిపోతారు. ఈ జబ్బుకు మాత్రం క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడే మొదటి మందు. సాధారణంగా మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు రాయమంటాం. అద్దంలో చూసుకుంటూ మచ్చ మీదే పలచగా రాయాలి. 30 గ్రాముల ట్యూబు మూడు నెలలు రావాలి. అక్కడ సబ్బు, యాంటీసెప్టిక్ ద్రావణాలు వద్దు.

ఇక హెచ్‌పీవీ. ఇది లైంగిక సంబంధం ద్వారా అంటుకునే వైరస్. చాలామందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. మీ రిపోర్టులో ఏ రకమో చూడండి. 16 లేదా 18 అయితే కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) తప్పనిసరి. ఇంకో మాట: ఈ వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో చడీచప్పుడు లేకుండా ఉండగలదు. అందుకని ఇప్పుడు బయటపడిందని భర్తను గానీ, మిమ్మల్ని మీరు గానీ అనుమానించుకోవద్దు.

దురద తగ్గినా ఆర్నెల్లకోసారి చూపించుకోండి. మానని పుండు, గట్టి గడ్డ, రక్తం కారడం, మందు రాస్తున్నా ఒకేచోట మందంగా లేచిన చర్మం కనిపిస్తే ఆర్నెల్ల దాకా ఆగవద్దు. ఆ వారంలోనే వెళ్లి, ‘మళ్లీ బయాప్సీ అవసరమా?’ అని మీరే అడగండి.