చవక సింథ్ కోసం ఎదురుచూస్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మద్రాసు నుంచి మామయ్య ఆశీస్సులు. మద్రాసు అంటే నీకు నవ్వొస్తుందని తెలుసు. వడపళని రికార్డింగ్ థియేటర్లలో నలభై ఏళ్ళు కీబోర్డు వాయించినవాణ్ణి, నా నోటికి చెన్నై ఇంకా తిరగలేదు.

పాత అనలాగ్ సింథ్‌కి, అదే, కరెంటు సర్క్యూట్‌లతో స్వరాలు పుట్టించే సింథసైజర్‌కి, చవక నకలు ఒకటి వస్తోందట, ముందే డబ్బు కట్టి ఉంచనా అని అడిగావు. అదే రోజు మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. "ఆరు నెలల్నుంచి ఏదో డబ్బా ఫొటోలు చూస్తూ కూర్చుంటున్నాడు, వాయించడమే మానేశాడు" అంది. ఇద్దరికీ నా జవాబు ఒకటే. ప్రకటనకి పైసా కట్టకు. షాపులో ఉన్నదాన్ని చూసి కొనుక్కో, అదీ ఈ నెల్లోనే.

1980 నాటి ఓబర్‌హైమ్ ఓబీ-ఎక్స్‌ఏ సింథ్‌కి బెరింగర్ కంపెనీ వాళ్ళు చవక రూపం చేస్తున్నారన్న మాట పుట్టాక, అది యూబీ-ఎక్స్‌ఏ పేరుతో జనం చేతికి వచ్చేసరికి 2023 చివరికొచ్చింది. మధ్యలో ఏళ్ళు గడిచిపోయాయి. నమూనా ఫొటో వేరు, ఇంటికి అట్టపెట్టె రావడం వేరు. చిప్పులు దొరకాలి, బోర్డు ఒకటికి రెండుసార్లు మళ్ళీ గీయాలి, మొదట చెప్పిన ధర చివరిదాకా నిలవాలి. ఆ ఏళ్ళల్లో ఏదో ఒక డబ్బా ముందు రోజుకో అరగంట కూర్చున్నవాడికి ఫిల్టర్, అంటే శబ్దాన్ని వడగట్టి రంగు మార్చే భాగం, చేతికొచ్చేసి ఉంటుంది.

నకలు కొంటే పరువు తక్కువేమోనని నసిగావు చూడు, అది నాకు నచ్చలేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణ చేసేవాళ్ళు తాతల కొలతలే వాడతారు, దాన్ని నకలంటామా? సింథ్‌లు చేసిన బాబ్ మూగ్ గారి ల్యాడర్ అనే ఫిల్టర్‌కి పేటెంట్ వచ్చింది 1969లో, దాని గడువు ఎప్పుడో తీరింది. 1970లో బయటికొచ్చిన ఆయన సింథ్ మినీమూగ్ ధర దాదాపు 1,500 డాలర్లు. ఇవాళ పాతది కొనాలంటే లక్షల్లో మాట. ఆ సర్క్యూట్‌నే గోరంత విడిభాగాలతో, యంత్రాలు అతికించే బోర్డు మీదికెక్కించి, కీలు తీసేసి, మోడల్ డి పేరుతో బెరింగర్ వాళ్ళు మూడు నాలుగు వందల డాలర్లలో తెచ్చారు. చవకకి కారణం అదే, మాయేం లేదు. కోర్గ్ వాళ్ళు తమ 1978 నాటి సింథ్ ఎమ్ఎస్-20ని 2013లో తామే 86 శాతం సైజులో మళ్ళీ చేశారు. అసలువాళ్ళు చేస్తే నాకు ఇంకాస్త ఇష్టం. పేరూ మొహమూ కూడా అరువు తెచ్చుకోవడం నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది, శబ్దానికి మాత్రం వంక పెట్టను.

ఇంకో సంగతి. రోలాండ్ టీబీ-303 ఉంది కదా, గిటారు వాయించేవాళ్ళకి తోడుగా బేస్ పలకాలని చేసిన పెట్టె. ఎవరూ కొనలేదు, 1984కల్లా ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో కారుచవకగా పడి ఉంటే షికాగో కుర్రాళ్ళు కొనుక్కుని నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పారు. అప్పుడైంది అది క్లాసిక్. వాళ్ళకంటే ముందే, 1982లో, బొంబాయి సినిమా వాద్యగాడు చరణ్‌జిత్ సింగ్ దాన్నీ, టీఆర్-808 డ్రమ్ముల పెట్టెనీ, జూపిటర్-8 సింథ్‌నీ పెట్టుకుని రాగాలు వాయించి రికార్డు వేశారు. అప్పటికి వాటిని క్లాసిక్ అన్నవాడే లేడు.

నీ మొదటిది ఒకసారికి ఒకే స్వరం పలికే మోనో అయితే చాలు. నాదస్వరం మాత్రం ఒకేసారి రెండు పలుకుతుందా? గ్లైడ్ అని రాసి ఉన్న నాబే మన జారు, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం. దానికి, కీలు లేని డబ్బాకి కలిపే నీ మిడి కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ వీల్ తోడు. ఆ రెంటితో తోడి రాగంలో గాంధారం ఊపడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అది గాంధారమేనని మీ అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోదు.

షాపుకెళ్ళాక ముందు స్విచ్ వేయించి ఇరవై నిమిషాలు వదిలెయ్. వాళ్ళు విసుక్కున్నా సరే, కాఫీ తాగి రా. తర్వాత ఫోన్లో ట్యూనర్ తెరిచి కింది సా వాయించు, రెండు స్థాయిలు పైకెళ్ళి మళ్ళీ సా వాయించు. రెండూ ముల్లు మీద నిలబడాలి. ఈ యంత్రాల్లో వోల్టు పెరిగితే స్థాయి పెరుగుతుంది, ఆ లెక్క చూసే ట్రాన్సిస్టర్ల జతకి వేడి పడదు. సరిదిద్దే ఏర్పాటు లేకపోతే డిగ్రీకి 0.33 శాతం చొప్పున లెక్క తప్పుతుంది. ఆ తర్వాత ఫిల్టర్ నాబ్‌లు రెండు చూడు: ఎక్కడ కోయాలో చెప్పేది కటాఫ్, ఆ కోత దగ్గర శబ్దాన్ని మోగించేది రెజొనెన్స్. రెజొనెన్స్ పూర్తిగా తెరిచి కటాఫ్ నెమ్మదిగా తిప్పు. ఈల వినిపించాలి, గరగర వినిపించకూడదు. రెజొనెన్స్ పెంచితే బేస్ పలచబడుతుంది. అది నకలు లోపం అనుకునేవు, మూగ్ ఫిల్టర్ గుణమే అంత.

ఇదంతా నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. 1983 మే నెల, తెలుగు పాట రికార్డింగ్, లోపల ముప్పైమంది వయొలిన్ల వాళ్ళు. కరెంటు పోయి వచ్చింది. ఎర్రలైటు వెలిగింది. నేను మినీమూగ్ ఆన్ చేసి వెంటనే అందుకున్నాను. పల్లవి బాగానే గడిచింది. చరణానికొచ్చేసరికి నా స్వరం ఒక దారి, వయొలిన్లు ఒక దారి. కండక్టర్ గారు కర్ర దించి నా వైపు చూశారు, ఒక్క మాట అనలేదు. ముప్పై విల్లులూ గాల్లో ఆగిపోయాయి. తప్పు పూర్తిగా నాదే. మీ బెంగళూరు చలవకి ఇంత ఇబ్బంది ఉండదులే, అయినా వాయించే ముందు వేడెక్కనియ్.

విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, పన్ను కలిపి లెక్క వేసుకో, రిపేరుకి దిక్కెవరో కూడా ఆలోచించుకో. మిడి కేబుళ్ళు మీ ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి, లేదంటే రిచీ స్ట్రీట్ నుంచి నేను పంపుతాను. ల్యాప్‌టాప్ కలపగానే గుయ్‌మంటే ఛార్జర్ ఊడదీసి చూడు. ఆగిపోయిందంటే గోల ఎర్త్‌ది, సింథ్‌ది కాదు.

మోడల్ డి కొంటే దానికి జ్ఞాపకశక్తి ఉండదని, కుదిర్చిన శబ్దాన్ని దాచుకోలేదని గుర్తుంచుకో. మంచి శబ్దం కుదిరిన వెంటనే నాబ్‌లు ఫొటో తీసుకో. మా రోజుల్లో ఫొటోలెక్కడివి, కాయితం మీద సున్నాలు గీసి ఏ నాబ్ ముల్లు ఎటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవాళ్ళం. ఆ కాయితాల కట్ట మా అటక మీదే ఉంది. నకలులోనూ నాబ్‌లు దాదాపు అదే వరసలో ఉంటాయి కాబట్టి ఆ కాయితాల మీది శబ్దాలు దాని మీదా పలుకుతాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు డబ్బా తీసుకురా, అడాప్టర్ మర్చిపోకు. కట్ట దించి దుమ్ము దులిపి ఉంచుతాను.

మీ మామయ్య